సరదాకు ఎగరేసే డ్రోన్‌పై రిజిస్ట్రేషన్ నంబరు ఎలా ఉండాలి?

మిర్యాలగూడ మిత్రుడు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఆయన దగ్గర రెండు డ్రోన్లు ఉన్నాయి. ఒకటి, అమెరికాలో ఉద్యోగం చేసే అన్నగారు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చిన 249 గ్రాముల మడత డ్రోన్. దాని మీద ‘ఎఫ్‌ఏ’ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు చీటీ అతికించి ఉంది. రెండవది, విడిభాగాలు కొనుక్కుని తానే కట్టుకున్న ఐదు అంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్. బ్యాటరీతో కలిపి దాని బరువు సుమారు 700 గ్రాములు. రెండింటినీ సెలవు రోజుల్లో ఊరి బయట సరదా కోసమే ఎగరేస్తారు. సరదాకు ఎగరేసే వాటికి కూడా నంబరు తప్పనిసరా, అమెరికా నంబరు ఇక్కడ చెల్లుతుందా, నంబరు వచ్చాక దాన్ని డ్రోన్ మీద ఎక్కడ, ఎంత పెద్ద అక్షరాలతో, దేనితో రాయాలి అన్నవి ఆయన సందేహాలు.

నల్లగొండ ప్రాంతంలో చాలా ఏళ్లుగా డ్రోన్లు కడుతూ, బాగుచేస్తూ, పొలాల్లో మందు పిచికారీ చేసే డ్రోన్ల కాగితాల పనిలో తెలిసినవారికి సాయపడుతూ ఉన్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. సరదాకైనా నంబరు కావాలి. అమెరికా నంబరు ఇక్కడ చెల్లదు. నంబరు డ్రోన్ పైభాగంలో, ఏ మూతా తీయకుండా చదవగలిగేలా, నిప్పుకు తట్టుకునే పలక మీద ఉండాలి. అయితే ఈ మూడు మాటలకూ వెనుక ఉన్న కారణాలు తెలియకపోతే నంబరు అతికించి కూడా నియమం తప్పే పరిస్థితి వస్తుంది కాబట్టి, కొంచెం వివరంగా చెప్పడం అవసరం.

మన దేశంలో ఈ విషయానికి ఆధారం పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నియమాలు. ఏ డ్రోన్‌నైనా ఎగరేయడానికి ముందే రిజిస్టరు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే అందరూ యూఐఎన్ అని పిలిచే నంబరు, తీసుకోవాలని ఆ నియమాలు చెబుతున్నాయి. డి-2 ఫారంలో దరఖాస్తు చేసి 100 రూపాయల రుసుము కట్టాలి. మొదట్లో ఈ పని డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద జరిగేది. ఇప్పుడు ఈ ఫారాలన్నీ పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నడిపే ఈజీసీఏ పోర్టల్లోకి మారాయి. పాత వీడియోలు చూసి పాత వేదికలో వెతుక్కుని, దొరకక, నమోదు ఆగిపోయిందని అనుకునేవారు మా వైపు చాలామంది కనిపిస్తున్నారు. నమోదు ఆగలేదు, చోటు మారింది.

యూఐఎన్‌ను కేవలం పేరు పక్కన ఇచ్చే సంఖ్యగా చూడకూడదు. మోటారు సైకిల్ నంబరు ప్లేటు వెనుక ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఉన్నట్టే, యూఐఎన్ వెనుక మూడు వరుస సంఖ్యలు ఉంటాయి: తయారీదారు డ్రోన్‌కు ఇచ్చిన సంఖ్య, డ్రోన్‌ను అదుపు చేసే లోపలి బోర్డు, అంటే ఫ్లైట్ కంట్రోలర్, సంఖ్య, చేతిలోని రిమోట్ సంఖ్య. ఈ మూడింటినీ కలిపి కట్టిన ముడి పేరే యూఐఎన్. కాబట్టి డ్రోన్ మీద రాసిన నంబరు ఎంత అందంగా, ఎంత గట్టిగా ఉన్నా, లోపలి బోర్డో రిమోటో మారిపోయి ఉంటే ఆ రాత నిజం చెప్పడం లేదన్నమాట. నంబరు రాయడం గురించి నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది: బయటి రాత, లోపలి సంఖ్యలు, పోర్టల్లోని వివరాలు, ఈ మూడూ ఎప్పుడూ ఒకే మాట చెప్పాలి.

ఇక అన్నగారు తెచ్చిన డ్రోన్ సంగతి. ‘ఎఫ్‌ఏ’తో మొదలయ్యే నంబరు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సరదాగా ఎగరేసేవారికి ఇచ్చేది. అక్కడ ఆ నంబరు మనిషికి చెందుతుంది. 5 డాలర్లు కట్టి మూడేళ్లకు ఒకసారి తీసుకున్న ఒకే నంబరును ఆ మనిషి తన సరదా డ్రోన్లన్నిటి మీదా రాసుకోవచ్చు. మన దగ్గర పద్ధతి వేరు. ఇక్కడ నంబరు డ్రోన్‌కు చెందుతుంది. రెండు డ్రోన్లుంటే రెండు నంబర్లు, రెండు రుసుములు. అందువల్ల ఆ చీటీ ఇక్కడ దేనికీ పనికిరాదు. పైగా అది అలాగే ఉంటే, డ్రోన్ ఎక్కడైనా పడినప్పుడు చూసినవారు అది చెల్లే నంబరే అనుకుని పొరబడే అవకాశం ఉంది కనుక దాన్ని తీసేయడమే మంచిది.

ఈ డ్రోన్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. 2022 ఫిబ్రవరి 9న కేంద్ర వాణిజ్య శాఖ పరిధిలో ఎగుమతి దిగుమతులు చూసే డీజీఎఫ్‌టీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పూర్తిగా తయారైన డ్రోన్లను గానీ, విడదీసి తెచ్చి ఇక్కడ బిగించే డ్రోన్లను గానీ విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడం నిషిద్ధం; పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే అనుమతితో మినహాయింపు ఉంది. విడిభాగాల దిగుమతికి ఆ నిషేధం లేదు. సామానులో పెట్టుకుని తెచ్చిన బహుమతి డ్రోన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఎలాగో నంబరు సంపాదించి అతికిస్తే దిగుమతి సమస్య తీరిపోతుందన్న ఆలోచన తప్పు. దరఖాస్తులో కొన్నచోటు, బిల్లు వివరాలు అబద్ధంగా రాస్తే అసలు తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది. ఆ డ్రోన్ దేశంలోకి ఎప్పుడు వచ్చింది, కస్టమ్స్ కాగితం ఉందా అన్నది ముందు తేల్చుకోండి. కాగితం లేకపోతే దాన్ని ఎగరేయకండి. అన్నగారు తిరుగు ప్రయాణంలో వెనక్కి తీసుకువెళ్లడమే మీ ఇద్దరికీ గౌరవంగా ఉండే దారి అని నా అభిప్రాయం. ప్రేమతో తెచ్చిన వస్తువు గురించి ఇలా చెప్పవలసి రావడం నాకూ ఇష్టం లేదు, కానీ పోలీసు స్టేషన్లో చెప్పుకోవడం కంటే ఇంట్లో చెప్పుకోవడం మేలు.

250 గ్రాముల లోపు డ్రోన్‌కు అసలు నమోదే అక్కర్లేదన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. దీన్ని విడమరచి చూడాలి. బ్యాటరీ, కెమెరా సహా మొత్తం బరువు 250 గ్రాములు మించకపోతే నానో, ఆ పైన 2 కిలోల వరకు మైక్రో, 2 నుంచి 25 కిలోల వరకు చిన్న తరగతి. నానో డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ రకం డ్రోన్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందని ఇచ్చే ధ్రువపత్రం, అక్కర్లేదు, ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వ్యాపారం కోసం కాకపోతే మైక్రో డ్రోన్‌కూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ మినహాయింపులు నిజమే. అయితే నానో డ్రోన్‌కు యూఐఎన్ నుంచి మినహాయింపు అని నియమాల్లో ఎక్కడా రాయలేదు. టైప్ సర్టిఫికెట్ మినహాయింపును చదివి నంబరు మినహాయింపుగా అర్థం చేసుకోవడం వల్లనే ఈ ప్రచారం పుట్టింది. కాబట్టి ఇక్కడే కొన్న 249 గ్రాముల డ్రోన్ ఉన్నవారు కూడా నంబరు తీసుకునే ఎగరేయండి. మరొక జాగ్రత్త ఏమిటంటే, అలాంటి డ్రోన్‌కు ఎక్కువ సేపు నడిచే పెద్ద బ్యాటరీ వేసినా, ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ వలయాలు బిగించినా బరువు 250 దాటి అది మైక్రో తరగతిలోకి పోతుంది. ఎగిరే స్థితిలో ఎంత ఉందో బంగారం తూచే చిన్న కాటా మీద ఒకసారి తూచి చూసుకోవాలి.

మీరు స్వయంగా కట్టుకున్న 700 గ్రాముల డ్రోన్ విషయం ఇంత చిక్కు కాదు. 25 కిలోలు మించని డ్రోన్‌ను చదువు, పరిశోధన, నమూనా తయారీ, పరీక్ష, సరదా పనులకే వాడుతూ, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేస్తే నియమాలు దాన్ని మోడల్ తరగతిగా చూస్తాయి. దానికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. నంబరు మాత్రం కావాలి. ఇందులో ‘సరదాకే’ అన్న మాటను, ‘కంటికి కనిపించే దూరం’ అన్న మాటను రెండింటినీ గట్టిగా పట్టుకోవాలి. కళ్లద్దాల తెరలో చూస్తూ ఐదు అంగుళాల డ్రోన్‌ను కిలోమీటరు దూరం పంపితే ఆ నిర్వచనం దాటిపోతారు. అలాగే తెలిసినవారి పెళ్లికి ముందు తీసే వీడియో కోసం పిల్లలమర్రి దగ్గరో, సోమశిల దగ్గరో ఎగరేసి డబ్బు తీసుకుంటే అది సరదా కాదు, వ్యాపారం. అప్పుడు టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్, పైలట్ సర్టిఫికెట్ రెండూ అడుగుతారు. మోడల్‌గా నమోదైన నంబరు చూపించి వ్యాపారం చేయడం కుదరదు.

మహబూబ్‌నగర్, నల్లగొండ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు మరో ప్రశ్న తరచుగా అడుగుతారు కనుక ఇక్కడే చెబుతాను. గుర్తింపు పొందిన విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు పరిశోధన, పరీక్షల కోసం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతంలో, తమ ఆవరణలోనో, తమ అదుపులో ఉన్న ఖాళీ స్థలంలోనో ఎగరేసేటప్పుడు యూఐఎన్ కూడా అక్కర్లేదు. ఆ మినహాయింపు సంస్థ చేసే పనికి ఇచ్చినది. ప్రాజెక్టు అయిపోయాక అదే డ్రోన్‌ను ఇంటికి తెచ్చుకుని సొంత చెలకలో ఎగరేసే విద్యార్థికి అది వెంట రాదు; అప్పుడు అతను తన పేరు మీద నంబరు తీసుకోవాలి.

సొంతంగా కట్టిన డ్రోన్‌కు మూడు సంఖ్యలు ఎక్కడ దొరుకుతాయన్నదే చాలామందికి తట్టని విషయం. డ్రోన్ సంఖ్య: తయారీదారు మీరే కాబట్టి, ఫ్రేముకు మీరే ఒక వరుస సంఖ్య పెట్టుకోండి, కట్టిన సంవత్సరం, మీ పేరులోని అక్షరాలు, ఒక అంకె కలిపితే చాలు. ఒకసారి పెట్టాక దాన్ని మార్చకూడదు, రెండో డ్రోన్‌కు వాడకూడదు. ఫ్లైట్ కంట్రోలర్ సంఖ్య: బోర్డు మీద ముద్రించి ఉన్నది చాలాసార్లు మోడల్ పేరే తప్ప వరుస సంఖ్య కాదు. అందరూ అక్కడే తప్పుదారి పడతారు. ఈ బోర్డుల్లో వాడే ఎస్‌టీఎం32 చిప్పులో తయారీలోనే వేసిన 96 బిట్ల ప్రత్యేక సంఖ్య ఉంటుంది. మీ బోర్డులో దాన్ని నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉంటే కంప్యూటరుకు కలిపి, ఆదేశాల తెరలో ‘ఎంసీయూ ఐడీ’ అనే ఆదేశం ఇస్తే ఆ సంఖ్య అక్షరాలు, అంకెల పొడవాటి వరుసగా కనిపిస్తుంది. అదే మీ బోర్డు అసలు గుర్తు. చేత్తో రాసుకోకుండా కాపీ చేసి ఒక ఫైలులో పెట్టుకోండి, ఎందుకంటే అంత పొడవైన వరుసలో ఒక్క అక్షరం పోయినా తర్వాత ఎవరూ పట్టుకోలేరు. రిమోట్ సంఖ్య సాధారణంగా వెనుక వైపు చీటీ మీదో, బ్యాటరీ అరలోనో ఉంటుంది. రిమోట్, రిసీవరు జతపడడానికి మీరు పెట్టుకునే మాటను సంఖ్యగా ఇవ్వకండి. అది ఎప్పుడైనా మారేది.

నంబరు చేతికి వచ్చాక రాయడం గురించి. 2021 నియమాలు అక్షరాల ఎత్తు, అతికించే చోటు అంటూ విడిగా కొలతలు పెట్టలేదు. దాన్ని చూసి ఎలా రాసినా సరిపోతుందని అనుకోవడం నాకు నచ్చదు. ఈ విషయంలో మనకు మూడు మంచి కొలమానాలు ఉన్నాయి. మొదటిది మన దేశానిదే: 2018 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన డీజీసీఏ పాత నిబంధనలు డ్రోన్ మీద నిప్పుకు తట్టుకునే గుర్తింపు పలక ఉండాలని, దాని మీద యూఐఎన్ చెక్కి ఉండాలని స్పష్టంగా అడిగాయి. రెండవది అమెరికాది: అక్కడ మొదట్లో నంబరును బ్యాటరీ అరలో రాసినా ఒప్పుకునేవారు, కానీ 2019 ఫిబ్రవరి 25 నుంచి బయటి ఉపరితలం మీదే ఉండాలని మార్చారు. కారణం ఆలోచించదగినది. అనుమానాస్పదంగా పడి ఉన్న డ్రోన్‌లో ఎవరైనా పేలుడు పదార్థం దాచి ఉంటే, నంబరు కోసం మూత తీసిన పోలీసు ప్రాణానికే ప్రమాదం. మూడవది బ్రిటన్‌ది: అక్షరాలు 3 మిల్లీమీటర్ల కంటే ఎత్తుగా, స్పష్టమైన పెద్దబడి ఇంగ్లీషు అక్షరాల్లో, ప్రధాన శరీరం మీద ఉండాలి. ఈ మూడింటినీ కలిపితే మనకు కావలసిన నమూనా దొరుకుతుంది. నిప్పుకు తట్టుకోవాలి, బయటే ఉండాలి, దగ్గరికి వచ్చిన మనిషి వంగకుండా చదవగలగాలి. 3 మిల్లీమీటర్లు కనీసం. స్థలం ఉంటే 5 మిల్లీమీటర్లు పెట్టమంటాను, ఎందుకంటే వరి పొలంలో బురద పట్టిన డ్రోన్ మీద 3 మిల్లీమీటర్ల అక్షరం కనిపించదు.

నిప్పు మాట ఎందుకంత పట్టించుకోవాలంటే, లిథియం పాలిమర్ బ్యాటరీ నేలకు గుద్దుకుని చిల్లు పడితే మంట అంటుకుంటుంది, ఆ మంటలో ప్లాస్టిక్ శరీరం, కాగితం చీటీ, దాని జిగురు అన్నీ పోతాయి. గుర్తింపు అసలు అవసరమయ్యేది అప్పుడే. ఎండాకాలంలో ఎండిన గడ్డి మీదో, పత్తి కట్టె మీదో పడి మంట లేస్తే, పొలం రైతుకు జవాబు చెప్పవలసినది ఎవరో ఆ పలకే చెప్పాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 1,400 డిగ్రీల వరకూ తట్టుకుంటుంది. అందువల్ల బ్యాటరీకి ఆనుకుని ఉండే చోట స్టీలే మేలు.

ఈ పలక చేయించడం మన దగ్గర చాలా సులభం. స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కే చిన్న మిషను ఉంటుంది కదా, నల్లగొండలోనైనా, మిర్యాలగూడలోనైనా, పాలమూరులోనైనా ఆ దుకాణం లేని బజారు లేదు. 30 మిల్లీమీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పలుచని రేకు ముక్క ఇచ్చి నంబరు చెక్కమంటే చెక్కి ఇస్తారు. ఇచ్చేటప్పుడు నంబరును నోటితో చెప్పకండి, సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం ఇవ్వండి. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరానికీ సున్నాకూ, ‘ఐ’ అక్షరానికీ ఒకటి అంకెకూ తేడా కనిపించేలా చెక్కమని ముందే చెప్పాలి. సున్నాలో అడ్డగీత పెట్టించుకుంటే ఆ గొడవే ఉండదు. చెక్కిన గీతల్లో నల్ల ఎనామిల్ రంగు రాసి పైన తుడిచేస్తే గీతల్లో రంగు నిలిచి అక్షరాలు తేటగా కనిపిస్తాయి.

బరువు లెక్క కూడా చూద్దాం. అదే కొలతతో అర మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం రేకు దాదాపు అర గ్రాము తూగుతుంది. 700 గ్రాముల డ్రోన్‌కు అది లెక్కలోకే రాదు. 249 గ్రాముల డ్రోన్‌కు మాత్రం మిగిలి ఉన్నది ఒక్క గ్రామే కాబట్టి, ఒక పలక పట్టుతుంది, దాని మీద జిగురు కుమ్మరిస్తే పట్టదు. అలాంటి వాటికి లామినేషన్ ఉన్న లేబుల్ ప్రింటరు చీటీ వేసి, దాని మీద రాగి రంగులో ఉండే వేడి తట్టుకునే పాలీఇమైడ్ టేపు అతికించడం నేను ఒప్పుకునే ప్రత్యామ్నాయం. ఎలక్ట్రానిక్స్ మరమ్మతు చేసేవారి దగ్గర ఆ టేపు ఉంటుంది. స్పిరిట్ మార్కరుతో నేరుగా రాయడం మాత్రం వద్దు. ఎండకు వెలిసిపోతుంది, డ్రోన్ శుభ్రం చేయడానికి మనమే వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు రెండు తుడుపుల్లో పోతుంది.

ఎక్కడ బిగించాలన్నది డ్రోన్‌ను బట్టి ఉంటుంది. ఐదు అంగుళాల డ్రోన్‌లో చేతులు విరిగి మారుతుంటాయి, ప్రొపెల్లర్లు మారుతుంటాయి, బ్యాటరీలు నాలుగైదు ఉంటాయి. వీటి మీద నంబరు వేయకూడదు. ఫ్రేము అడుగు పలక ప్రతిసారీ నేలకు రాసుకుంటుంది. కాబట్టి ఫ్రేము పై పలకలో, బ్యాటరీ పట్టీ కప్పని వెనుక భాగం సరైన చోటు. నంబరు పలకకు రెండు చివర్లా రంధ్రాలు వేసి, ఫ్రేములో ఇప్పటికే ఉన్న మూడు మిల్లీమీటర్ల మరల కింద బిగించడం అన్నిటికంటే గట్టి పద్ధతి. మరలు అందని చోట రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి. ముందు గరుకు కాగితంతో రెండు వైపులా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వాలి. ఫెవిక్విక్ లాంటి జిగురు మోటార్ల అదురుకు పెళుసుబారి ఊడిపోతుంది. జీపీఎస్ మాడ్యూలు మీద గానీ, దాని పక్కన గానీ లోహపు పలక పెట్టకండి, ఆ మాడ్యూల్లోనే దిక్సూచి కూడా ఉంటుంది. కొన్ని స్టీలు రకాలు అయస్కాంతానికి అతుక్కుంటాయి కనుక, దిక్సూచి దగ్గరగా ఉన్న ఫ్రేములో అల్యూమినియమే వాడాలి. మడత డ్రోన్లలో గాలి రంధ్రాలను, అడుగున ఉన్న కెమెరా సెన్సర్లను కప్పకూడదు. బయటి పలకతో పాటు, ఫ్రేము లోపల ఇంకో చిన్న చీటీ కూడా అతికించుకోండి. పై పలక ఎగిరిపోయిన పెద్ద ప్రమాదంలో అది ఉపయోగపడుతుంది.

మీ ఫోన్ నంబరు కూడా రాయాలా అని అడుగుతారు. చట్టం అడగదు. రాసుకోమనే నా సలహా. యూఐఎన్ చూసి యజమానిని కనుక్కోగలిగింది అధికారులే. మీ డ్రోన్ దొరికిన రైతుకు మాత్రం ఫోన్ నంబరే పనికివస్తుంది. అయితే దాన్ని యూఐఎన్ పక్కన కాకుండా వేరే చోట రాయండి, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం జరిగే విషయానికి వస్తున్నాను. సొంతంగా కట్టిన డ్రోన్లలో ఫ్లైట్ కంట్రోలర్ కాలిపోవడం మామూలే. కొత్త బోర్డు వేస్తారు, టంకం పెడతారు, సాయంత్రానికల్లా ఎగరేస్తారు. పలక మీద పాత నంబరే ఉంటుంది. ఆ క్షణం నుంచి ఆ నంబరు, డ్రోన్‌లో ఇక లేని బోర్డు గురించి చెబుతోంది. యూఐఎన్‌కు కట్టిన ఫ్లైట్ కంట్రోలర్ గానీ, రిమోట్ గానీ మార్చితే కొత్త వరుస సంఖ్యను పోర్టల్లో చేర్చిన తర్వాతే ఎగరేయాలి. పలక మార్చనక్కర్లేదు, నంబరు అదే ఉంటుంది, వెనుక వివరాలు మారుతాయి. స్నేహితుడి రిమోట్ అరువు తెచ్చుకుని ఎగరేసే అలవాటు కూడా ఇందుకే మానుకోవాలి. నేను బాగుచేసి ఇచ్చే ప్రతి డ్రోన్‌తోనూ కొత్త బోర్డు సంఖ్య రాసిన చిన్న కాగితం ఇస్తాను. ఈ ప్రాంతంలో మరమ్మతు చేసే మిగతా మిత్రులందరూ అలాగే చేయాలని నా కోరిక.

అమ్మినా, బహుమతిగా ఇచ్చినా, అద్దెకు ఇచ్చినా డి-3 ఫారంలో బదిలీ చేయించాలి. దానికీ రుసుము 100 రూపాయలే. పాత డ్రోన్‌ను మేనల్లుడికి ఇచ్చి, కాగితాల సంగతి మరిచిపోయేవారు ఉన్నారు. ఆ పిల్లవాడు నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గర ఎగరేస్తే పిలుపు వచ్చేది మీ ఇంటికే. డ్రోన్ పోయినా, తిరిగి బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా అదే ఫారంతో నంబరు రద్దు చేయించాలి, ఫ్రేము అమ్మే ముందు పలకను ఊడదీయాలి. ఎవరైనా తమ పాత పలకను ఇంకో డ్రోన్‌కు బిగించి ఎగరేస్తుంటే, అది నంబరు లేకుండా ఎగరేయడం కంటే పెద్ద తప్పు. లేకపోవడం నిర్లక్ష్యం కావచ్చు గానీ, మార్చి పెట్టడం మోసం. నియమాలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని డ్రోన్ నియమాల్లో ఉంది. ఆ నియమాలకు మూలమైన 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన అధినియమం అమల్లోకి వచ్చింది. 2025 సెప్టెంబరులో డ్రోన్ల కోసమే విడిగా ఒక బిల్లు ముసాయిదాను కూడా ప్రజాభిప్రాయానికి పెట్టారు కాబట్టి, ప్రతి ఏడాదీ ఒకసారి డీజీసీఏ ప్రకటనలు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

2020లో డ్రోన్ ఉన్నవారు స్వచ్ఛందంగా వివరాలు ఇమ్మన్నప్పుడు వచ్చిన పాత అంగీకార నంబర్లు, అంటే ‘డాన్’ నంబర్లు, ఇంకా కొందరి డ్రోన్ల మీద కనిపిస్తున్నాయి. అవి ఎగరేసే హక్కును అప్పుడూ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వవు. అలాంటి చీటీ ఉంటే తీసి, యూఐఎన్ వేయాలి.

నంబరు ఉన్నంత మాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని మాత్రం అనుకోవద్దు. మిర్యాలగూడ, నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు శంషాబాద్ విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల పరిధికి చాలా బయట ఉన్నాయి కనుక చాలా పొలాలు గ్రీన్ జోన్‌లోనే, 400 అడుగుల ఎత్తు లోపు వస్తాయి. కానీ ఎగరేసే ముందు డిజిటల్ స్కై పటం ప్రతిసారీ చూడాలి. జిల్లా పోలీసు అధికారులు అవసరాన్ని బట్టి ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటుగా, ప్రకటించవచ్చు. ప్రముఖులు వచ్చినప్పుడు, పెద్ద జాతరలప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మీకు నేను సూచించే క్రమం ఇది. ముందు 700 గ్రాముల డ్రోన్ పూర్తిగా స్థిరపడనివ్వండి. బోర్డు మార్చాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మార్చండి, దరఖాస్తు తర్వాత మార్చితే పని రెండింతలు. తర్వాత మూడు సంఖ్యలూ సేకరించి, వాటి ఫొటోలు తీసి, విడిభాగాల బిల్లులతో కలిపి ఒకచోట పెట్టి డి-2 దరఖాస్తు చేయండి. నంబరు చేతికి వచ్చాకే పలక చెక్కించండి. సర్టిఫికెట్ కాపీ ఒకటి ఫోనులో, ఒకటి ముద్రించి డ్రోన్ సంచిలో ఉంచండి. చెక్కిన పలకలోని అక్షరాలను సర్టిఫికెట్ పక్కన పెట్టి, మీరు ఒకసారి, ఇంట్లో ఇంకొకరితో ఒకసారి సరిచూపించాకే మర బిగించండి.